ఊరిలో రెండు సంఘములు: అనంతపురము కరవు సీమలో వైకల్యముతో జీవించు కుటుంబములు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

తెలుగులో "సంఘము" అను మాట రెండు అర్థములలో వాడుకలో ఉన్నది. ఆదివారము ఆరాధనకు కూడుకొను విశ్వాసుల సమూహమును మనము సంఘము అంటాము. ఒక అవసరము కొరకో ఒక హక్కు కొరకో ఊరిలో కొందరు కలిసి ఏర్పరచుకొను కూటమిని కూడ సంఘము అనే అంటారు. మహిళా సంఘము, రైతు సంఘము, వికలాంగుల సంఘము అనునవి ఇట్టివే. అనంతపురము పల్లెలలో పరిచర్య చేయు కాపరులకు ఈ రెండు సంఘములును పరిచయమే. అయితే ఒక విషయమును మనము అంతగా గమనించలేదు. మేము తిరిగిన అనేక గ్రామములలో, నడవలేని ఒక యువకుడు రెండవ సంఘములో సభ్యుడు. అక్కడ లేచి మాట్లాడతాడు, తీర్మానములో సంతకము చేస్తాడు. మొదటి సంఘములో మాత్రము అతడు ఒక ప్రార్థన అంశము. అతని పేరు ఎత్తి ప్రార్థిస్తారు. అతనిని ఎవరును ఏమియు అడుగరు.

ఈ భేదము ఎట్లు వచ్చినది? ఈ మధ్య మన సంఘములలో వినవచ్చుచున్న "వైకల్యముగల కుటుంబముల కొరకు రిట్రీటు" అను పరిచర్య ఈ భేదమును తగ్గించగలదా? అక్కడకు స్వచ్ఛంద సేవకులుగా వెళ్ళు మన విద్యార్థులు ఏమి నేర్చుకొని రావాలి? ఈ ప్రశ్నలను చరిత్ర వెలుగులో పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పదముల విషయమై ఒక మాట. మన పాత గ్రంథములలో "అంగహీనులు", "అవిటివారు" అను పదములు కనబడతాయి. తరువాత "వికలాంగులు" అను పదము స్థిరపడినది. ఇప్పుడు ప్రభుత్వ పత్రములలో "దివ్యాంగులు", "విభిన్న ప్రతిభావంతులు" అని వ్రాస్తున్నారు. సంఘములు తమకు తాము పెట్టుకొన్న పేరు "వికలాంగుల సంఘము" గనుక చరిత్రను చెప్పునప్పుడు ఆ పదమును అట్లే వాడుచున్నాము. మిగిలిన చోట్ల "వైకల్యముతో జీవించు వారు" అని వ్రాసియున్నాము.

1. కరవు అడిగిన ప్రశ్న

అనంతపురము జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుండి వేరుపడి ఏర్పడినది. 19,130 చదరపు కిలోమీటర్ల వైశాల్యముతో ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద జిల్లాగా చాల కాలము నిలిచి, 2022 ఏప్రిల్ 4న అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విభజింపబడినది. నైరుతి ఋతుపవనములు పడమటి కనుమల వద్దనే చాల వరకు వర్షించి, ఈ పీఠభూమికి చేరునప్పటికి బలహీనపడతాయి. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమున కురిసి ఇక్కడికి అరకొరగా వస్తాయి. అందువలన సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురుస్తుంది. అది కూడ వేళకు రాదు. ఎర్ర నేలలో వేరుశనగ వేసి, ఆకాశము వైపు చూచుచు బ్రతికే సీమ ఇది.

1876–78 మహాకరవులో మద్రాసు రాజధానిలో అందరికంటె ఎక్కువగా దెబ్బతిన్నవి దత్తమండలములు. నేటి అనంతపురము ప్రాంతము అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేది. ప్రభుత్వము కరవు పనులు తెరిచినది. రోడ్లు వేయగలవారికి, చెరువులు త్రవ్వగలవారికి కూలి ఇచ్చినది. ఆ కూలి ఎంత ఉండాలి అను విషయమై సర్ రిచర్డ్ టెంపుల్‌కును మద్రాసు శానిటరీ కమీషనర్ డాక్టర్ కార్నిష్‌కును 1877లో జరిగిన వాదము చరిత్ర విద్యార్థులు ఎరిగినదే. మన అంశమునకు ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. సహాయము కొరకు వచ్చిన ప్రతి మనిషిని ప్రభుత్వము మొదట అడిగిన ప్రశ్న: "నీవు పని చేయగలవా?" చేయగలవాడు పనికి వెళ్ళాడు. చేయలేనివాడు ఉచిత సహాయము అను వేరొక వరుసలోనికి వెళ్ళాడు. 1880లో కరవు కమీషన్ నివేదిక ఇచ్చిన తరువాత వచ్చిన కరవు నియమావళులలో ఈ విభజన స్థిరపడినది. గ్రుడ్డివారు, కుంటివారు, వృద్ధులు ఆ రెండవ వరుసలో ఉన్నారు.

ఈ ఏర్పాటు ప్రాణములను కాపాడినది. దానిని తక్కువ చేయకూడదు. అయితే అది ఒక ఆలోచనను కూడ మన మనస్సులలో నాటినది. పని చేయగలవాడు కూలివాడు, హక్కుదారుడు. చేయలేనివాడు దానము పుచ్చుకొనువాడు. ఆ కాలపు మిషనెరీల పనిలో కూడ ఈ వరుసలు కనబడతాయి. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగమును త్రవ్వించు కాంట్రాక్టు తీసికొని వేలమందికి పని కల్పించాడు. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి తెలుగు సంఘ చరిత్రలో ప్రసిద్ధము. కాలువ త్రవ్వినవారి కథను మనము తరతరములుగా చెప్పుకొన్నాము. గడ్డపార ఎత్తలేనివారి కథను చెప్పుకొనలేదు.

2. చేరదీయుట, వేరుచేయుట

బళ్ళారిలో లండన్ మిషనెరీ సొసైటీ పని 1810లో జాన్ హ్యాండ్స్‌తో మొదలైనది. కడప పని 1822లో ఆరంభమైనది. 19వ శతాబ్దపు చివరి పాదములో గుత్తి, అనంతపురము ప్రాంతములలో పని విస్తరించినది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ సంఘములు అందులో చేరాయి. పాఠశాల, హాస్టలు, ఆసుపత్రి అను మూడింటి ద్వారా మిషను ఈ సీమ ప్రజలకు చేరువైనది. ప్రక్కనున్న కడప జిల్లాలో జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి దీనికి చక్కని సాక్ష్యము.

వైకల్యము విషయములో దేశమంతట మిషనులు చేసిన పని ఎక్కువగా సంస్థల రూపములో జరిగినది. అంధుల కొరకు యానీ షార్ప్ 1887లో అమృత్‌సర్‌లో పాఠశాల తెరిచింది. బధిరుల కొరకు ఫ్లారెన్స్ స్వెయిన్‌సన్ పాళయంకోట్టైలో పాఠశాల నడిపింది. తెలుగు దేశములో అందరు ఎరిగినది డిచ్‌పల్లి. వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ నిజామాబాదు ప్రాంతములో కుష్ఠురోగుల కొరకు పని ఆరంభించి, 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రిని స్థాపించింది. నర్సాగౌడ్ అను హైందవ దాత ఇచ్చిన విరాళము ఆ పనికి ఎంతో తోడైనది. సమాజము ముట్టని దేహములను ఆ ఆసుపత్రి ముట్టి, కట్టు కట్టి, మందు ఇచ్చినది.

ఈ సేవకు మనము ఋణపడియున్నాము. అయినను చరిత్రకారునిగా ఒక ప్రశ్న అడుగక తప్పదు. ఆ సేవలో కుటుంబము ఎక్కడ ఉన్నది? 1898 నాటి కుష్ఠురోగుల చట్టము నిరుపేద రోగులను వేరుచేయుటకు అధికారమిచ్చినది. ఆ చట్టము 2016 వరకు రద్దు కాలేదు. అంధుల పాఠశాల, బధిరుల పాఠశాల కూడ బిడ్డను ఇంటి నుండి దూరముగా తీసికొనిపోయి చదువు చెప్పాయి. ఆనాడు వేరే మార్గము లేదు. ఇంటి వద్ద బిడ్డకు తిండి లేదు, ఊరిలో బడి లేదు. అయితే దీని ఫలితముగా మన సంఘములలో ఒక అలవాటు మిగిలినది. వైకల్యముగల బిడ్డ పుట్టినప్పుడు కాపరి నోట మొదట వచ్చు మాట, "ఎక్కడైనా హోములో చేర్పించండి" అనునది. ఆ మాటలో దయ ఉన్నది. "ఈ బిడ్డ బాధ్యత మన సంఘముది" అను మాట మాత్రము అందులో లేదు.

3. వికలాంగుల సంఘములు

1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురమునకు వచ్చాడు. 1920లో బార్సెలోనాలో పుట్టిన ఇతడు యేసుసభ సభ్యునిగా 1952లో ఇండియాకు వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడులో రైతుల మధ్య పనిచేశాడు. 1968లో అక్కడ నుండి బహిష్కరింపబడి, మరుసటి సంవత్సరము తిరిగి వచ్చి అనంతపురములో స్థిరపడ్డాడు. 1970లో యేసుసభను విడిచి, బ్రిటిష్ పాత్రికేయురాలు యాన్ పెర్రీని వివాహము చేసికొన్నాడు. వారు నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్.డి.టి.) బావులు, చెరువు కట్టలు, పాఠశాలలు, ఇండ్లు, ఆసుపత్రులు అను పనులతో జిల్లాలో వేలాది కుటుంబములను తాకినది. ఫెర్రర్ 2009 జూన్ 19న అనంతపురములో మరణించాడు. ఆర్.డి.టి. మత సంస్థ కాదు. అది మన సంఘముల పని అని చెప్పుకొనుట సరికాదు. అయినను మనము దాని నుండి నేర్చుకొనవలసినది ఉన్నది.

1980ల చివరి సంవత్సరములలో ఆ సంస్థ వైకల్యముతో జీవించు వారి మధ్య పని ఆరంభించినది. ప్రత్యేక పాఠశాలలు, కృత్రిమ అవయవములు తయారుచేయు వర్క్‌షాపులు అందులో భాగము. వీటికి తోడు గ్రామములలో వికలాంగుల సంఘములు ఏర్పడినవి. వైకల్యముగల పెద్దలు, మానసిక ఎదుగుదల లేని పిల్లల తలిదండ్రులు ఒక చోట కూర్చొని తమ సంగతులు తామే మాట్లాడుకొన్నారు. ప్రపంచమంతట కూడ అప్పుడు ఈ దిశగానే ఆలోచన మారుచుండెను. 1978లో ఆల్మా అటా ప్రకటన తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ "సమాజ ఆధారిత పునరావాసము" అను పద్ధతిని ముందుకు తెచ్చినది. బిడ్డను సంస్థకు తీసికొనిపోవుటకు బదులు సేవను బిడ్డ ఇంటికి తీసికొనివచ్చుట దాని సారాంశము. 2000 తరువాత ప్రభుత్వపు పేదరిక నిర్మూలన పథకములలో కూడ ఇట్టి సంఘములు రాష్ట్రమంతట ఏర్పడినవి.

చట్టము కూడ మారినది. 1995 చట్టము ఏడు రకముల వైకల్యములను గుర్తించినది. 2016 చట్టము 21 రకములను గుర్తించి, హక్కుల భాషలో మాట్లాడినది. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో వైకల్యముగలవారు 2 కోట్ల 68 లక్షలు, అనగా జనాభాలో 2.21 శాతము. ఆంధ్రప్రదేశ్‌లో వైకల్య పింఛను 2024 జూలై నుండి నెలకు రూ. 6,000 అయినది. కరవు కాలములో "ఉచిత సహాయము" వరుసలో నిలిచిన మనిషి ఒక శతాబ్దము గడిచిన తరువాత తన పేరుతో కార్డు, తన పేరుతో సభ్యత్వము పొందాడు.

ఈ మార్పు జరుగుచుండగా మన సంఘములు ఏమి చేశాయి? కొన్ని చోట్ల మంచి పని జరిగినది. అయితే ఎక్కువగా ఈ కుటుంబములు మన యొద్దకు వచ్చినది స్వస్థత కూడికలకు. పోలియో వచ్చిన బిడ్డను, మూర్ఛలు వచ్చు బిడ్డను ఎత్తుకొని తల్లి ఒక పందిరి నుండి మరొక పందిరికి తిరిగినది. దేవుడు స్వస్థపరచగలడని మనము నమ్ముచున్నాము, ప్రార్థించుచున్నాము. అయితే బిడ్డ లేచి నడువనప్పుడు తల్లికి ఏమి చెప్పాము? "విశ్వాసము చాలలేదు", "ఇంటిలో ఏదో పాపము ఉన్నది" అను మాటలు ఎంతమంది తల్లులు విన్నారో మనకు తెలియనిది కాదు. యోహాను 9వ అధ్యాయములో శిష్యులు అడిగిన ప్రశ్న ఇదే. ప్రభువు ఆ ప్రశ్నను అంగీకరించలేదు. ఆ మనిషి పాపమును గాని, వాని కన్నవారి పాపమును గాని కారణముగా చూపలేదు. మనము ఆ ప్రశ్నను ఇంకను అడుగుచునే ఉన్నాము.

4. కుటుంబ రిట్రీటు ఎట్లు పుట్టినది

ఈ నేపథ్యములో కుటుంబ రిట్రీటు చరిత్రను చూడాలి. 1964లో ఫ్రాన్సులోని త్రోస్లీ అను గ్రామములో జాన్ వానియే మానసిక వైకల్యముగల ఇద్దరితో కలిసి ఒకే ఇంటిలో కాపురముండుట ఆరంభించాడు. దాని పేరు లార్ష్, అనగా ఓడ. మన దేశములో దాని మొదటి గృహము 1970లో బెంగళూరులో "ఆశానికేతన్" పేరుతో ఏర్పడినది. అనంతపురము నుండి కూలి కొరకు మనవారు వెళ్ళు పట్టణము అదే. ఆ గృహములో క్రైస్తవులు, హిందువులు, ముస్లిములు కలిసి ఉన్నారు; ఒకే బల్ల యొద్ద భోజనము చేశారు.

దాదాపు అదే సమయములో ఫ్రాన్సులో ఒక జంటకు ఇద్దరు కుమారులు తీవ్రమైన వైకల్యముతో ఉన్నారు. లూర్దు యాత్రకు వారిని బృందముతో చేర్చుకొనలేదు. తామే వెళ్ళినప్పుడు ఇతర యాత్రికులకు ఇబ్బంది అని భోజనము గదిలోనే చేయవలసి వచ్చినది. వారి దుఃఖము విని మరీ హెలెన్ మాథ్యూ, వానియే కలిసి 1971 ఈస్టరుకు ఇట్టి కుటుంబముల కొరకే ఒక యాత్రను ఏర్పాటు చేశారు. 15 దేశముల నుండి సుమారు 12,000 మంది వచ్చారు; వారిలో 4,000 మంది వైకల్యముగలవారు. ఒక్కసారి జరిగి ముగియవలసిన ఆ యాత్ర "విశ్వాసము, వెలుగు" అను ఉద్యమముగా మారినది. యాత్ర ముగియగానే, ఇండ్లకు వెళ్ళినవారు చిన్న గుంపులుగా నెలకొకసారి కూడుకొనుట కొనసాగించినందున అది నిలిచినది. ఈ సంగతిని మనము జ్ఞాపకముంచుకొనాలి.

సువార్తిక సంఘములలో ఈ పరిచర్య జోనీ ఎరిక్సన్ టాడా ద్వారా వ్యాపించినది. ఆమె 1967లో, తన 17వ యేట, నీటిలోనికి దూకినప్పుడు మెడ దెబ్బతిని కాళ్ళు చేతులు చచ్చుబడినవి. 1979లో ఆమె "జోనీ అండ్ ఫ్రెండ్స్" సంస్థను స్థాపించింది. 1990ల నుండి ఆ సంస్థ కుటుంబ రిట్రీటులను జరుపుచున్నది. ఒక్కొక్క కుటుంబమునకు తోడుగా స్వచ్ఛంద సేవకులు ఉంటారు. బిడ్డను వారు చూచుకొనగా తలిదండ్రులు వాక్యము వింటారు, నిద్రపోతారు, ఒకరితో ఒకరు మాట్లాడుకొంటారు. మన దేశములో ఇప్పుడు జరుగుచున్న అనేక కూడికలకు ఇదియే నమూనా.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక పోతే ఈ చరిత్ర సత్యము కాదు. 2020లో లార్ష్ సంస్థ స్వయముగా చేయించిన విచారణలో జాన్ వానియే ఆత్మీయ మార్గదర్శనము పేరుతో ఆరుగురు స్త్రీలను లైంగికముగా దుర్వినియోగము చేసినట్లు తేలినది. 2023లో వచ్చిన మరియొక నివేదిక ఆ సంఖ్యను కనీసము 25గా చూపినది. ఆ స్త్రీలు వైకల్యముగలవారు కారు. ఎంత గొప్ప పేరున్న సేవకుడైనను లెక్క అప్పగించవలసినవాడే. ఇతరుల సహాయము లేకుండ బట్ట మార్చుకొనలేని వారి మధ్య పనిచేయుచున్నప్పుడు ఈ నియమము మరింత ముఖ్యము.

5. స్వచ్ఛంద సేవకుడు ఎవరు?

"స్వచ్ఛంద సేవ" అను మాట వినగానే, ఉన్నవాడు లేనివానికి ఇచ్చుట అని మనము అనుకొంటాము. భారత దేశపు రిట్రీటు సంప్రదాయములో దీనికి వేరైన అర్థము ఉన్నది. 1930లో ఇ. స్టాన్లీ జోన్స్ నైనిటాల్ కొండలలోని సాత్‌తాల్‌లో క్రైస్తవ ఆశ్రమమును ఆరంభించినప్పుడు, వారములో ఒక దినము పాకీ పనివానికి సెలవు ఇచ్చి, ఆ పనిని ఆశ్రమ సభ్యులు తామే చేసేవారు. బ్రాహ్మణ కుటుంబము నుండి వచ్చినవాడును మిషనెరీయును అదే చీపురు పట్టారు. అక్కడ సేవ చేయుట అనగా తన స్థానము మార్చుకొనుట.

కొన్ని సంవత్సరముల క్రితము మేము కొందరు విద్యార్థులతో కలిసి ఈ సీమలో జరిగిన మూడు దినముల కుటుంబ కూడికకు సేవకులుగా వెళ్ళాము. వెళ్ళుటకు ముందు విద్యార్థులు పాటలు, తోలుబొమ్మలు, వాక్య పాఠములు సిద్ధపరచుకొన్నారు. అక్కడకు చేరిన తరువాత వారికి పడిన పని వేరు. అన్నము మెత్తగా పిసికి తినిపించుట, చొంగ తుడుచుట, రాత్రి రెండు సార్లు లేచి బిడ్డను ఒక ప్రక్క నుండి మరొక ప్రక్కకు తిప్పుట, మూర్ఛ వచ్చినప్పుడు నోటిలో ఏమియు పెట్టకుండ ప్రక్కకు పడుకోబెట్టి గడియారము చూచుట. ఈ పనులను వారికి నేర్పినవారు ఆ బిడ్డల తల్లులే. సెమినరీలో మూడు సంవత్సరములు చదివిన విద్యార్థి, అక్షరము రాని తల్లి యొద్ద శిష్యుడయ్యాడు.

రెండవ దినము మధ్యాహ్నము భోజనమునకు సంగటి, చెనిక్కాయల చట్నీ, అన్నము, పప్పు పెట్టారు. పదునాలుగు ఏండ్ల కుమారునికి ఒక విద్యార్థి తినిపించుచుండగా ఆ తల్లి దూరముగా కూర్చొని తినుచు, "ఏడి అన్నం తిని ఎన్నేండ్లయిందో నాయనా" అన్నది. మేము సంతోషించాము. మూడవ దినము సాయంకాలము, మూటలు కట్టుకొను వేళ, అదే తల్లి ఆ విద్యార్థిని అడిగినది: "రేపు ఊరికి పోయినాంక మాకాడికి ఎవురొస్తారు నాయనా?" విద్యార్థి మా వైపు చూచాడు. మా యొద్ద జవాబు లేదు. ఆమె ఊరిలో మన సంఘము ఉన్నది, కాపరి ఉన్నాడు. అయినను ఆమె ఆ ప్రశ్న అడుగవలసి వచ్చినది.

ఈ ప్రశ్న వెనుక ఈ సీమ యొక్క చరిత్ర అంతయు ఉన్నది. వేరుశనగ పోయిన సంవత్సరము ఊరు బెంగళూరుకు వలసపోతుంది. లేవలేని బిడ్డ ఉన్న ఇల్లు పోలేదు. భర్త పోతాడు, తల్లి బిడ్డతో మిగులుతుంది. కూలికి పోతే బిడ్డ ఒంటరి. పోకుంటే పొయ్యి వెలుగదు. అమావాస్యకో పండుగకో వచ్చు భర్త ఒకానొక సంవత్సరము రాడు. పైగా "నీ కడుపున పుట్టినాడు" అని అత్తవారు ఆమెనే నిందిస్తారు. మేనరికము వలన కొన్ని జన్యుపరమైన వ్యాధులు వచ్చు అవకాశము పెరుగుతుంది. అట్టి వ్యాధులలో చాల వాటికి తల్లి, తండ్రి ఇద్దరి నుండియు కారణము వస్తుంది. ఈ సత్యమును పెండ్లికి ముందు చెప్పవలసినవారు కాపరులు. బిడ్డ పుట్టిన తరువాత దానిని నిందగా వాడకూడదు.

6. వాక్యము చూపు మార్గము

రెండవ సమూయేలు 4:4లో మెఫీబోషెతు ఎట్లు కుంటివాడయ్యెనో చెప్పబడినది. యుద్ధ వార్త విని దాది అయిదేండ్ల బిడ్డను ఎత్తుకొని పారిపోవుచుండగా వాడు పడ్డాడు. తొందరపాటు పరుగులో జరిగిన ప్రమాదము అది. 9వ అధ్యాయములో అతడు లోదెబారులో మాకీరు ఇంట ఉన్నాడు. దావీదు అతనికి భూమిని తిరిగి ఇప్పించి, తన బల్ల యొద్ద నిత్యము భోజనము చేయు స్థానము ఇచ్చాడు. ఇక్కడ రెండు సంగతులు ఉన్నాయి: హక్కు, బల్ల. వికలాంగుల సంఘము మొదటి దాని కొరకు పోరాడినది. రెండవది మన చేతిలో ఉన్నది. దావీదు ఒక్క పూట విందు చేసి అతనిని లోదెబారుకు తిరిగి పంపలేదని గమనించాలి. లోదెబారులో అతనిని ఇంతకాలము పోషించిన మాకీరును కూడ మరువరాదు. ఈ సీమలో ఆ మాకీరు అనేక సార్లు ఒక తల్లి.

లూకా 14:12–14లో ప్రభువు బీదలను, అంగహీనులను, కుంటివారిని, గ్రుడ్డివారిని విందుకు పిలువుమని చెప్పాడు. ఈ వాక్యమును మనము దానము గురించి ప్రసంగిస్తాము. ప్రభువు మాట్లాడుచున్నది విందు గురించి, అనగా ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండాలి అను విషయము గురించి. 1994లో నాన్సీ ఐస్‌లాండ్ వ్రాసిన గ్రంథము ఒక వేదాంత సత్యమును గుర్తుచేసినది: తిరిగి లేచిన ప్రభువు గాయముల గుర్తులతోనే శిష్యులకు కనబడ్డాడు. మహిమ దేహములో కూడ ఆ గుర్తులు ఉన్నాయి. 2003లో ప్రపంచ సంఘముల మండలి వెలువరించిన ప్రకటన కూడ, వైకల్యముగలవారు లేని సంఘము పరిపూర్ణ సంఘము కాజాలదను భావమును వివరించినది. మొదటి కొరింథీ 12:22లో పౌలు బలహీనములుగా కనబడు అవయవములు మరి అవశ్యములని బోధించుట దీనికి మూలము.

7. కాపరులకు కొన్ని సూచనలు

మొదటిది, రిట్రీటుకు ముందు పని. మీ సంఘ పరిధిలో వైకల్యముగలవారున్న ఇండ్లు ఎన్ని అని లెక్క వ్రాయండి. ఆరాధనకు రానివారిని కూడ వ్రాయండి. చాలమంది రానిది మెట్ల వలన, బిడ్డ అరిస్తే అందరు తిరిగి చూచుట వలన. మీ ఊరి వికలాంగుల సంఘపు నాయకుని కలిసి మాట్లాడండి. వారికి తెలిసినది మనకు తెలియదు.

రెండవది, సేవకుల సిద్ధపాటు. కుటుంబమునకు ఇద్దరు సేవకులను నియమించండి. ఒంటరిగా ఎవరును బిడ్డతో గదిలో ఉండకూడదు. స్నానము, బట్టలు మార్చుట తల్లి లేక తండ్రి ఎదుటనే జరగాలి. 2012 నాటి పోక్సో చట్టము గురించి సేవకులందరికి చెప్పండి. బిడ్డల ఫోటోలు తీసి విరాళముల కొరకు వాడుట మానండి.

మూడవది, ప్రార్థన. స్వస్థత కొరకు ప్రార్థించండి, అయితే కుటుంబము అడిగినప్పుడు. స్వస్థత రానప్పుడు కారణము వెదకకండి. వైకల్యముగల విశ్వాసిని ప్రార్థన చేయుమని అడగండి, వాక్యము చదువుమని అడగండి, కానుక పట్టనివ్వండి. ప్రార్థన అంశముగా ఉన్నవాడు ప్రార్థించువాడు కావాలి.

నాలుగవది, కాగితములు. వైకల్య ధ్రువపత్రము, గుర్తింపు కార్డు, పింఛను విషయములో తోడుగా వెళ్ళుట పరిచర్యయే. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద మానసిక వైకల్యము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యము గలవారికి చట్టబద్ధమైన సంరక్షకుని నియమించుటకు జిల్లా స్థాయిలో కమిటీ ఉంటుంది. "నేను పోయినాక వీని గతి ఏమి?" అని ఏడ్చు తలిదండ్రులకు ఈ సంగతి తెలియజేయండి.

అయిదవది, నాలుగవ దినము. రిట్రీటు ముగియుటకు ముందే, ప్రతి కుటుంబమునకు ఆ ఊరి సంఘము నుండి ఇద్దరి పేర్లు నిర్ణయించండి. వారమునకు ఒక పూట ఆ ఇంటికి వెళ్ళి బిడ్డను చూచుకొనువారు వారు. తల్లి ఆ పూట కూలికి పోవచ్చును, ఆసుపత్రికి పోవచ్చును, లేక నిద్రపోవచ్చును. ఈ పేర్లు నిర్ణయించలేకపోతే రిట్రీటును వాయిదా వేయుట మేలని మా అభిప్రాయము.

ముగింపు

కరవు నియమావళి వైకల్యముగల మనిషిని వేరొక వరుసలో నిలిపినది. మిషను సంస్థ అతనిని చేరదీసి, ఇంటి నుండి వేరుచేసినది. వికలాంగుల సంఘము అతనికి ఊరిలోనే మాట ఇచ్చినది. కుటుంబ రిట్రీటు అతనితో పాటు అతని తల్లిని, తండ్రిని, తోబుట్టువులను కూడ చూచుట మనకు నేర్పుచున్నది. వీటిలో దేనిని త్రోసివేయనక్కరలేదు. అయితే రిట్రీటు సంవత్సరములో మూడు దినములే. మిగిలిన దినములకు దేవుడు ఊరిలో పెట్టినది సంఘమును.

మార్కు 2వ అధ్యాయములో పక్షవాయువుగల మనిషిని నలుగురు మోసికొని వచ్చారు. వారి పేర్లు, వృత్తులు మనకు చెప్పబడలేదు. ప్రభువు వారి విశ్వాసమును చూచాడని మాత్రము సువార్తికుడు వ్రాశాడు. వారు ఎక్కడ నుండియో వచ్చిన సేవకులుగా కనబడరు. ఆ మనిషి ఇల్లు, మంచము, బరువు ఎరిగినవారై యుండాలి. "మాకాడికి ఎవురొస్తారు నాయనా" అని అడిగిన తల్లి ఊరిలో అట్టి నలుగురు దొరికిన దినమున, ఆ ఊరిలోని రెండు సంఘములు ఒకరినొకరు గుర్తుపడతాయి.